దుబ్బ లేని మట్టి

మార్చి 30

నెలవంక కనిపించిందని మసీదు మైకులో చెప్పారు. రేపు పండుగ.

ఈ నోటుబుక్కు తెలుగులో రాసుకుంటున్నాను. ఉర్దూలో రాస్తే ఇంటికి వచ్చిన వాళ్ళందరూ చదువుతారు. నేను పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివానని మా ఆయనకొక్కరికే గుర్తుండేది.

ఆయన పోయి రెండు వారాలు దాటింది. ముత్తంగిలోని మా నర్సరీలో చెట్లకు నీళ్ళు పెడుతూ పెడుతూ కుర్చీలో కూర్చున్నారట. ఉపవాసంలో ఉన్నారు. అక్కడ కూలి చేసే పోశమ్మ వచ్చి చూసేసరికి పైపు పారుతూనే ఉందట, కుర్చీ చుట్టూ మడుగు కట్టిందట. నీళ్ళు ఎక్కువైతే చెట్టు చస్తుందని అందరినీ తిట్టే మనిషి.

ఇవాళ ఆయన తమ్ముడు ఇమ్తియాజ్ వచ్చాడు. ముత్తంగి జంక్షన్‌లో లారీలు మాట్లాడిపెట్టే ఆఫీసు ఉంది అతనికి. తలుపు దగ్గరే నిలబడి, తల వంచుకుని చెప్పాడు.

"భాభీ, ఇద్దత్ నాలుగు నెలల పది దినాలు. మొహర్రం ఇరవై మూడు దాకా గడప దాటొద్దు. నర్సరీ పరేషానీ మీకొద్దు, నేను చూసుకుంట. మీరు అల్లాను యాది చేసుకుంట కూసోండ్రి."

మాకు పిల్లలు లేరు. అత్తమామలు ఎప్పుడో పోయారు. ఉన్నది ఈ తమ్ముడే. ఇమ్తియాజ్ మంచివాడు.


మార్చి 31

పండుగ. చేతులకు ఏమీ పెట్టుకోలేదు. పెట్టుకోకూడదు కూడా.


ఏప్రిల్ 9

ఊరికే కూర్చోలేకపోతున్నాను. నమాజు, ఖురాన్ అయ్యాక కూడా పొద్దు మిగులుతుంది. ఫోన్ చేసి ఇమ్తియాజ్‌ను అడిగాను, జల్లెడ పని ఇంట్లోనే కదా చేసేదాన్ని, ఇప్పుడూ చేయవచ్చా అని. కొంచెం ఆలోచించి, చేయండి భాభీ, మట్టి ఎప్పటికైనా కావలసిందే అన్నాడు. ఇవాళ పోశమ్మ ఆటోలో ఇటుక ముక్కలు, బొగ్గు గడ్డలు తెచ్చి ఆంగనంలో దించింది.

మా మట్టి అసలు మట్టే కాదు. ఈ మాట ఆయన ప్రతి గిరాకీకి చెప్పేవారు. బోన్సాయ్ కుండీలో చేను మట్టి పోస్తే నాలుగు వానలకు ముద్దయిపోతుంది, వేర్లు కుళ్ళిపోతాయి. అందుకని పగిలిన ఇటుక, బొల్లారం వైపు బాయిలర్లలో బొగ్గు కాలాక మిగిలే గుల్ల గడ్డలు, సన్న కంకర, వీటిని సుత్తితో కొట్టి జల్లెడ పట్టాలి. పెద్ద కన్ను జల్లెడలో మిగిలింది మళ్ళీ సుత్తి కిందికే. నడిమి జల్లెడలో ఆగిన శనగగింజంత పలుకు కుండీ అడుక్కి. సన్న జల్లెడ మీద నిలిచిన జొన్నగింజంత పలుకు వేర్ల చుట్టూ. ఆ సన్న జల్లెడ నుంచి కూడా రాలిపడేది దుబ్బ. దుబ్బను పారేయాలి. మిగిలిన పలుకును నీళ్ళలో కడగాలి, గోనెల మీద ఆరబెట్టాలి, ఆ తర్వాతే కొబ్బరి పొట్టు, ఎరువు, పిడికెడు వేపపిండి.

"దుబ్బ ఉంటే వేరుకు ఊపిరాడదు అనీస్" అనేవారు. నర్సరీలో ఎంతమంది కూలీలున్నా జల్లెడ మాత్రం నా చేతికే ఇచ్చేవారు. మిగతా వాళ్ళు జల్లెడను ఊపుతారట, నేను పడతానట.

ఒక్కో జల్లెడకు ఒక దరూద్ చదువుకుంటూ పట్టాను. సాయంత్రం అసర్ అజాన్ వినబడేదాకా లేవలేదు. ఆయన పోయిన తర్వాత మొదటిసారి ఆకలి వేసింది.


ఏప్రిల్ 17

ఇమ్తియాజ్ భార్య ఆమ్నా వచ్చింది. నేను గోనె మీద పలుకు ఆరబోస్తున్నాను. ఆమె సలాం చెప్పబోయి ఆగిపోయింది. నా అరచేతులు చూస్తోంది.

"యా అల్లా. ఇద్దత్‌ల మెహందీయా భాభీ?"

"మెహందీ కాదు ఆమ్నా. ఇటుక."

"ఇటుక గింత ఎర్రగ పండుతదా?"

"తడి చేతులతో పట్టుకుంటే పండుతుంది. ఇంతకుముందు కూడా నా చేతులు ఇట్లానే ఉండేవి కదా, నువ్వు చూడలేదా?"

"అప్పుడు భాయీజాన్ ఉండె. ఎర్రగున్నా ఎవరడుగుతరు? ఇప్పుడు నేను నమ్ముత భాభీ, సందుల ఆడోళ్ళు నమ్ముతరా?"

సబ్బుతో కడిగాను. చింతపండుతో రుద్దాను. పోలేదు. పోనట్టు కనిపించింది.


ఏప్రిల్ 18

శుక్రవారం, జుమ్మా. పోశమ్మతో ప్లాస్టిక్ తొడుగులు తెప్పించుకున్నాను. తొడుగులతో పడితే పలుకు వేళ్ళకు తెలియదు. గింజ ఎంతుందో కళ్ళతో చూడాల్సి వస్తోంది.


మే 4

ఇమ్తియాజ్ వచ్చాడు. ఆరిన బస్తాలన్నీ ట్రాలీ ఆటోలో వేయించాడు. చెట్లన్నీ మంచిగున్నాయన్నాడు.

"మా ఓల్డ్ సిటీ చుట్టాలకు సుత మీ గురించే చెప్పిన భాభీ. మా భాభీ గడప దాటలే, కిటికీ తీయలే, పరాయి మొగోని గొంతు వినలే అని. ఈ జమానాల గట్ల ఎవరుంటరు?"

సిగ్గేసింది. సంతోషం కూడా వేసింది. దాయడమెందుకు.

"ఇంకా బస్తాలు కావాలె. జల్దీ చేయగలుగుతరా?" అన్నాడు.

అన్ని చెట్లకూ కుండీలు మార్చినా అంత మట్టి పట్టదు. కొత్త చెట్లు ఏమైనా తెచ్చాడేమో. నర్సరీని పెంచుతున్నాడేమో. ఆయనకు తమ్ముడి మీద ఎప్పుడూ నమ్మకం లేదు. బతికి ఉంటే చూసేవారు.

నర్సరీ సర్వీసు రోడ్డు పక్కనే. షేర్ ఆటోలో ఎంతసేపని. పగలు వెళ్ళి సాయంత్రానికి రావచ్చేమో, ఖుర్షీద్ ఆపాను అడగాలి అనుకున్నాను. ఆడపిల్లలకు ఖురాన్ చెప్పేది ఆమే. మా సందు ఆడవాళ్ళు ధర్మంలో ఏ సందేహం, ఏ మసలా వచ్చినా ఆమెనే అడుగుతారు. కానీ ఆమెకు పిల్లల పరీక్షల హడావిడి ఉండి ఉంటుంది. ఇప్పుడు కదిలించడం బాగుండదు.


మే 20

ఎండ. ఇటుక గడ్డలు ముట్టుకుంటే కాలుతున్నాయి.

గోరింట చెట్టు గుర్తొస్తోంది. రింగ్ రోడ్డు కోసం ముత్తంగి దగ్గర పొలాలు తవ్వినప్పుడు ఎవరిదో గోరింట కంచె పీకి కుప్ప పోశారు. ఆయన ఆ కుప్పలోంచి ఒక మొద్దు ఏరుకొచ్చారు. మూడేళ్ళు అది మొద్దుగానే ఉంది. పారేయమన్నాను. నాలుగో ఏడు అన్ని వైపుల నుంచీ చిగురేసింది. ఇప్పుడు నా మోచేతి పొడుగుంటుంది, చూస్తే ముసలి చెట్టు. దాన్ని ఎవరికీ అమ్మలేదు. రంజాన్‌కు ముందు కొమ్మలు కత్తిరించి ఆ ఆకు కాగితంలో చుట్టి తెచ్చేవారు. "ఇది నీది అనీస్. నర్సరీలో ఉంటది గంతే" అనేవారు. ఆ ఆకు నూరితే అరచేతిలో ఒక చుక్కకే వచ్చేది. ఒక్క చుక్కే పెట్టుకునేదాన్ని.

పోయిన ఏడే కుండీలో వేర్లు నిండిపోయాయి. నీళ్ళు పోస్తే ఇంకడం లేదు. ఈసారి మొదటి వానకు తీసి, వేర్లు కత్తిరించి, కొత్త మట్టిలో పెట్టాలని జనవరిలోనే అన్నారు. పెట్టకపోతే ఈ వానాకాలం దాటదు.

దాన్ని ఇంటికి పంపమని ఇమ్తియాజ్‌కు ఫోన్ చేశాను. ఆటోలో కదిలిస్తే కొమ్మ విరుగుతది భాభీ, నేను మంచిగ చూస్తున్న అన్నాడు. దాని కోసం పలుకు విడిగా పట్టి, ఒక సంచిలో కట్టి, 'గోరింట' అని చీటీ పెట్టి పంపాను. అన్నిటికంటే మంచి పలుకు అది. ఒక్కొక్క గింజ చూసి ఏరాను.


జూన్ 1

ఖుర్షీద్ ఆపా మనవరాలికి జ్వరమని విన్నాను. ఇప్పుడేం అడుగుతాను.


జూన్ 9

బక్రీద్ అయింది. ఆమ్నా మాంసం పంపింది, మంచి ముక్కలే.

ఖాళీ బస్తాలు వాపసు వచ్చాయి. ఒక బస్తా అడుగున సిమెంటు గట్టిపడి ఉంది. కుళాయి కింద నానబెట్టి రుద్దాను, రాలేదు. గోడ ఏదైనా కట్టిస్తున్నాడేమో. కుక్కలు వస్తాయి కదా నర్సరీలోకి.


జూన్ 12

తెల్లవారి నుంచి వాన. మొదటి పెద్ద వాన.

పోశమ్మ తడిసి వచ్చింది. టీ ఇచ్చి అడిగాను, గోరింటకు కుండీ మార్చారా అని.

"ఏమో అమ్మా."

"నువ్వు అక్కడే కదా పని చేసేది?"

"పని చేస్తున్న. మొయ్యమంటే మోస్తున్న, దించమంటే దించుతున్న."

"నేను చీటీ కట్టిన సంచి ఏం చేశారు?"

పోశమ్మ గ్లాసు కింద పెట్టింది. సగం టీ అందులోనే ఉంది.

"నన్నడుగకు బేగమమ్మా. నీ ఉప్పు తిన్న, ఆయన కూలి తింటున్న. నోరిప్పొద్దన్నడు. ఇప్పితే రేపటిసంది రావద్దన్నడు. నువ్వు మంచిదానివి, ఇంట్ల కూసోని నమాజు చేసుకో."

ఆమె వెళ్ళాక మధ్యాహ్నమంతా జల్లెడ పట్టాను. వానలో ఎలాగూ ఆరదు. అయినా పట్టాను.

ఇమ్తియాజ్ మంచివాడే. పోశమ్మ ఎప్పుడూ ఏదో ఒకటి అంటుంది.


జూన్ 24

ఇవాళ కిషన్‌రావు గారు వచ్చారు. సంగారెడ్డిలో ఎరువుల దుకాణం ఆయనది, మాకు వేపపిండి అక్కడి నుంచే వచ్చేది. ఆయనకు ఒక జువ్వి బోన్సాయ్ చెట్టు ఉంది. దుకాణంలో ఎండ తగలదని మా నర్సరీలోనే ఉంచి, నెలకోసారి చూసి పోయేవారు. నేను తెర ఇవతల కూర్చున్నాను, ఆయన అరుగు మీద.

"చెల్లె, నిన్ను పరేషాన్ చేద్దమని రాలే. నా జువ్వి సంగతి ఒక మాట అడిగి పోదమని."

"నర్సరీలోనే ఉంది కదా అన్నా."

ఆయన దగ్గారు.

"నర్సరీ ఏడుంది చెల్లె?"

నేను తెరకు దగ్గరగా జరిగాను.

"నీకు ఎరుకనే అన్నడు మీ మరిది. ఆడ అరబ్బు తిండి మందీ హోటల్ పడుతున్నది. రేకులు ఏసిన్రు, ఏసీలు పెట్టిన్రు. ముంగట బండ్లు పెట్టనీకి టైల్స్ పరుస్తున్రు. చెట్లన్ని ఫాంహౌసోళ్ళకు ఇచ్చిండు. డీసీఎం బండ్లల్ల ఏసుకపోయిన్రు. నాది సుత అండ్లనే ఎక్కించిన్రు. ఇదేంది ఇమ్తియాజ్ భాయ్, అది నాది అంటె, భాభీని అడిగే చేసిన, ఆమె ఇద్దత్‌ల ఉన్నది, బయటికి వచ్చి చెప్పదు అన్నడు."

"ఎప్పుడు?"

"ఏప్రిల్ల."

ఏప్రిల్‌లో. అంటే నేను తొడుగులు తెప్పించుకున్నప్పుడు.

"అన్నా, మట్టి పంపుతున్నాను నేను. బస్తాలు బస్తాలు పంపాను."

"ఏం మట్టి?"

"ఎర్రగా, నల్లగా, పలుకు పలుకుగా ఉంటుంది."

"అదా." కిషన్‌రావు గారి గొంతు తగ్గిపోయింది. "అది టైల్స్ కింద పోస్తున్రు చెల్లె. పోసి చెక్కతోని చదును చేస్తున్రు."

తర్వాత ఇంకేదో అన్నారు. కేసు పెట్టమన్నారో, వద్దన్నారో. లేచి వెళ్ళబోతూ మళ్ళీ ఆగారు.

"ఒక్క చెట్టు ఉంచుకున్నడు. ఆ గోరింట. లోపల కౌంటర్ మీద షోకు పెట్టిండు."

తెర అవతల చెప్పుల చప్పుడు సందు మలుపు దాకా వినిపించింది. నా చేతులకు ఇంకా తొడుగులు ఉన్నాయి.


జూన్ 25

రమ్మని ఫోన్ చేస్తే ఇమ్తియాజ్, ఆమ్నా ఇద్దరూ వచ్చారు. ఆమ్నా బిస్కెట్ల డబ్బా తెచ్చింది.

అతను తడబడలేదు. నేను తడబడ్డాను.

"కిరాయి జాగ భాభీ. అన్న పోయినంక కిరాయినామా నా పేరు మీదికి మారింది. చెట్లతోని ఇల్లు గడుస్తదా? మీరు ఆలోచన చేయండ్రి. హోటల్ నడిస్తె మీకు నెలనెలా ఇంత పంపుత."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఇద్దత్‌ల ఉన్న మనిషికి దునియా ముచ్చట్లు ఎందుకు చెప్పాలె? గునా అయితది, పాపం తగులుతది."

"మట్టి ఎందుకు పట్టించావు మరి?"

అతను ఆమ్నా వైపు చూశాడు. ఆమ్నానే చెప్పింది. "ఖాళీగ కూసుంటె మీ దిల్ ఖరాబైతదని భాభీ. మీ మంచికే. మట్టి సుత వేస్ట్ కాలే కదా."

తర్వాత ఇమ్తియాజ్ శరీయత్ తీశాడు. మొగుడు పోయి పిల్లలు లేని బేవాకు నాలుగో వంతు, మిగిలింది తమ్ముడికి. నేను ఖురాన్ మాట కాదంటున్నానా మీరు చెప్పండి అన్నాడు. కాదనలేదు. అది నిజమే. ఆ ఆయత్ నాకు నోటికి వచ్చు.

"గోరింట మాత్రం నాది. మీ అన్న నాకిచ్చారు."

"గవాహ్ ఎవరు?"

సాక్షి ఎవరూ లేరు. ఆయన, నేను, కాగితంలో చుట్టిన ఆకు.

"గవాహ్ లేకుంటె అది సుత అన్న ఆస్తే. అండ్ల గూడ మీది నాలుగో వంతే భాభీ," అని నవ్వాడు. "కోసియ్యాల్నా?"

ఆమ్నా కూడా నవ్వింది, కొంగు అడ్డం పెట్టుకుని. ఇద్దరూ టీ తాగి వెళ్ళారు. టీ నేనే పెట్టాను. చక్కెర కూడా అతనికి ఎంత కావాలో అంతే వేశాను.


జూన్ 27

జుమ్మా. మొహర్రం నెల మొదలైంది. జల్లెడలు కడిగి గోడకు బోర్లించాను.


జూలై 3

ఖుర్షీద్ ఆపా తనే వచ్చింది. చాలా రోజులైంది, చూసి పోదామని వచ్చిందట. ఆంగనంలో ఇటుక కుప్ప చూసి ఇదేమిటని అడిగింది. చెప్పాను. చెప్పాలనుకోలేదు, మొదలుపెడితే అంతా వచ్చేసింది. ఆపా మధ్యలో ఆపలేదు. చివర్లో మాత్రం అడిగింది.

"నువ్వు ఒక్కసారన్న పోయి చూడలేవా అనీస్?"

"ఇద్దత్ కదా ఆపా."

"అయితే?"

"గడప దాటకూడదు కదా."

ఆపా చేతిలోని తస్బీ దండ పక్కన పెట్టింది. "తలాఖ్ అయినదాని సంగతి వేరు. మొగడు సచ్చిపోయినదానికి తిండి ఎవరు పెడతరు? పని ఉంటె పగటిపూట పోవచ్చు. పొద్దుగూకే లోపల ఇల్లు చేరాలె, రాత్రి ఇంట్లనే ఉండాలె. మన హనఫీ కితాబులల్ల ఉన్నదే గది. సోకులు చేసుకోవద్దు, షాదీలకు దావత్‌లకు పోవద్దు. నీ చెట్లకు నీళ్ళు పోసుకోనీకి పోవద్దని ఎవరన్నరు?"

"ఇమ్తియాజ్."

"ఇమ్తియాజ్ మసలాలు చెప్పే ఆలిం ఎప్పుడు అయిండు? లారీల ఆఫీసుల నేర్పిన్రా?"

నాకు నవ్వు రాలేదు. ఆపా కూడా నవ్వించడానికి అనలేదు.

"నన్నెందుకు అడగలే బిడ్డా?"

"మీకు పిల్లల పరీక్షలు ఉన్నాయని..."

"పరీక్షలు ఏప్రిల్లనే అయిపోయినయ్."

"తర్వాత మనవరాలికి జ్వరమని విన్నాను."

"రెండు దినాల జ్వరం," అంది ఆపా. వెళ్ళేటప్పుడు నా తల మీద చెయ్యి పెట్టింది.


జూలై 4

ఆపా ఇల్లు మా సందు చివరే. మా తలుపు సగం తీస్తే ఆమె వాకిలి కనిపిస్తుంది.


జూలై 8

వెళ్ళాను.

పొద్దున నమాజు తర్వాత బురఖా వేసుకున్నాను. ఆయన పనిముట్ల సంచిలోంచి రంపం, వేర్లు కత్తిరించే కత్తెర, తడి గోనె తీసుకున్నాను. కుండీ మార్చాలనే అనుకున్నాను. పోశమ్మ పనికి వెళ్ళే దారిలో వచ్చింది. నా సంచి చూసి, ఇయ్యాల నా కూలి పాయె అంది. అయినా నాతోపాటే ఎక్కింది. షేర్ ఆటోలో షిఫ్టు దిగి ఇళ్ళకు పోతున్న పిల్లలు నిద్రపోతున్నారు. రోడ్డును చూసి చాలా రోజులైంది. ఎవరూ నన్ను చూడలేదు. ఇన్నాళ్ళూ అందరూ చూస్తారనుకున్నాను.

చెట్లు ఉండే చోట నేలంతా టైల్స్. కాలు పెడితే టైలు కదిలింది. పక్క దాని మీద పెట్టాను, అదీ కదిలింది. బిహార్ నుంచి వచ్చిన మేస్త్రీ ఒకడు, "ఉధర్ సే ఆవో అమ్మా, యే హిల్తా హై" అని చెయ్యి ఊపాడు. నిన్న మాంసం బండి వచ్చి నిలబడితే అంత మేరా కుంగిపోయిందట. వాడు పీకి, పరిచి, మళ్ళీ పీకుతున్నాడు. నీచే కా మాల్ బైఠ్‌తా నహీ అని తనలో తానే తిట్టుకుంటున్నాడు.

బైఠదు, కూర్చోదు. నేల బిగియాలంటే దుబ్బ ఉండాలి. దుబ్బంతా నేనే తీసేశాను. కడిగి మరీ తీసేశాను.

లోపల చలి. గోరింట గాజు కౌంటర్ మీద, సరిగ్గా ఏసీ కింద ఉంది. కుండీలో తెల్ల రాళ్ళు పరిచి జిగురుతో అతికించారు. నీళ్ళు ఎక్కడి నుంచి పోస్తున్నారో. ఒక్క ఆకు లేదు. కొమ్మలకు రంగుల బట్ట పూలు కట్టి ఉన్నాయి, చిన్న బల్బుల దండ కూడా.

పై కొమ్మను గోటితో గీకాను. లోపల గోధుమ రంగు. దాని కింద కొమ్మ, అదీ అంతే. నడుమ గీకాను. పొడిగా రాలింది. ఇంకా కింద, రాళ్ళకు కొంచెం పైన గీకితే సన్నగా పచ్చని గీత కనిపించింది. తొడుగులు వేసుకోలేదు కాబట్టి తడి కూడా తెలిసింది.

"భాభీ."

ఇమ్తియాజ్. వెనకాల ఆమ్నా. మేస్త్రీలు తలుపు దగ్గరకు వచ్చారు.

"ఇద్దత్‌ల ఉండి రోడ్డెక్కిన్రా? నలుగురు చూస్తె మా ఇజ్జత్ ఏం కావాలె?"

"పొద్దుగూకే లోపల ఇల్లు చేరుతాను. ఖుర్షీద్ ఆపాను అడిగే వచ్చాను."

అతను మేస్త్రీల వైపు చూసి గొంతు తగ్గించాడు. ఆపా దగ్గర వాళ్ళ అమ్మ కూడా చదువుకుంది.

"సరే, వచ్చిన్రు, చూసిన్రు. జుమ్మా నాడు ఓపెనింగ్ ఉన్నది. చెట్టును ముట్టకుండ్రి, షోకు పెట్టినం."

"చెట్టంతా అక్కర్లేదు ఇమ్తియాజ్. నాలుగో వంతు చాలు. ఆ రోజు నువ్వే అన్నావు, కోసిస్తానని."

అతనికి గుర్తొచ్చింది. మొహం చూస్తే తెలిసింది. నేను రంపం తీశాను. పచ్చ గీతకు కొంచెం పైన పెట్టాను, మొదట జారింది, మళ్ళీ పెట్టాను. ఎండిన చెక్క కదా, జల్దీనే తెగింది. రంపపు పొట్టు గాజు మీద రాలుతుంటే ఆమ్నా "కౌంటర్ మీద గీతలు పడుతయ్" అంది. పై భాగాన్ని పూలతో, బల్బులతో సహా గోడకు ఆనించి నిలబెట్టాను. అచ్చం చెట్టులాగానే ఉంది. వచ్చేవాళ్ళకు తేడా తెలియదు.

"ఇది మీది. మూడు వంతులు," అన్నాను.

మొద్దు మిగిలిన కుండీని ఎత్తుకోబోతే ఆమ్నా అడిగింది, "మరి కుండీ ఎవరిది భాభీ?"

కుండీ దించేశాను. కత్తెరతో రాళ్ళ పెచ్చును లేపి, మొద్దును వేర్లతో సహా బయటికి లాగాను. పాత మట్టి జిగటగా వచ్చింది, చచ్చిన వాసన కొట్టింది. తడి గోనెలో చుట్టుకున్నాను. ఒళ్ళో పట్టుకుంటే ఏమీ బరువు లేదు.

బయట పోశమ్మ ఒక కదిలే టైలును గడ్డపారతో లేపి, కింద ఉన్న పలుకును సంచిలోకి ఎత్తుతోంది. ఇమ్తియాజ్ తలుపులోంచి చూస్తున్నాడని ఆమెకు తెలుసు. అయినా ఎత్తుతోంది. మేస్త్రీ ఆమెకు పార అందించాడు. "లే జావో అమ్మా, సబ్ లే జావో."

అసర్ కంటే ముందే ఇల్లు చేరాను.


జూలై 9

తెచ్చిన పలుకులో ఇసుక, సిమెంటు పెచ్చులు కలిశాయి. మళ్ళీ జల్లెడ పట్టాను, మళ్ళీ కడిగాను. కొన్ని గింజలు నేను ఏరినవే అనిపించింది. ఎట్లా తెలుస్తుంది, అన్నీ ఒకటే. కానీ అనిపించింది.

వేర్లలో ఎక్కువ నల్లబడ్డాయి. తెల్లటి లోపలిభాగం కనిపించేదాకా కత్తిరిస్తూ పోతే చాలా తక్కువ మిగిలాయి. పగిలిన ప్లాస్టిక్ టబ్బుకు అడుగున మేకు కాల్చి బొక్కలు పెట్టి అందులో నాటాను. నీళ్ళు పోస్తే పోసినట్టే కిందికి దిగాయి.

చేతులు ఎర్రగా ఉన్నాయి. కడుక్కున్నాను కానీ రుద్దలేదు.


జూలై 12

నేను ఇద్దత్ తెంచుకున్నానని ఆమ్నా చుట్టాలందరికీ ఫోన్లు చేసిందట. రోడ్డు మీద రంపం పట్టుకుని తిరిగానని కూడా. ఎదురింటామె నా సలాంకు జవాబు చెప్పలేదు. ఖుర్షీద్ ఆపా అందరికీ మసలా చెబుతోందట. వింటున్నారట, తల ఊపుతున్నారట.


జూలై 16

మొద్దు మీద గోనె కప్పి ఉంచాను. ఏమీ లేదు.

ఆపాను ఏప్రిల్‌లోనే అడిగి ఉంటే అప్పటికి చెట్లు డీసీఎం ఎక్కేవో లేదో. ఎక్కేవేమో. ఎక్కేవే. ఇమ్తియాజ్ ఎలాగైనా ఎక్కించేవాడు.


జూలై 19

ఇద్దత్ అయిపోయింది. ఇవాళ చుట్టాలు కొత్త బట్టలు తెచ్చి, బేవాను ఎవరో ఒకరి ఇంటికి తీసుకుపోవడం మా వాళ్ళ ఆనవాయితీ. పొద్దున స్నానం చేసి, ఉతికిన బట్టలు కట్టుకుని కూర్చున్నాను. మధ్యాహ్నం జొహర్ దాకా కూర్చున్నాను.

పోశమ్మ వచ్చింది. చుట్టం కింద కాదు. హోటల్లో ఇక పని లేదన్నారట.

"నీ మొద్దు కోసం నా కూలి పాయె బేగమమ్మా. బొల్లారంల ఊడ్చే పని అడిగిన. ఈ వయసుల నన్నెవరు పెట్టుకుంటరు?"

టీ పెడతానన్నాను. వద్దంది. గోనె ఎత్తి మొద్దును ఒకసారి చూసింది.

"సచ్చిందా?"

"తెలియదు."

"గీకి చూడరాదు."

"వద్దు."

ఆమె వెళ్ళిపోయాక దగ్గర కూర్చుని చూశాను. రంపం కోత కింద ఒక చోట బెరడు చిన్నగా ఉబ్బి ఉంది. చిగురు కావచ్చు. తడికి బెరడు కూడా అట్లా ఉబ్బుతుంది. గోరు దాని మీద పెట్టి, మళ్ళీ తీసేశాను. గోనె కప్పాను. అసర్‌కు ఇంకా టైముంది. ఇటుక కుప్పలో సగం అలాగే ఉంది. జల్లెడ దించుకున్నాను.